ఆకు ఒకటే, వెలుతురు వేరు

(మానవపాడులో రోగుల కుటుంబ సభ్యుల కొరకు జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో కొందరు బిడ్డను వార్డులో నిద్రపుచ్చి ఇక్కడికి వచ్చారు. కొందరు తల్లినో తండ్రినో చూసుకుంటున్నారు. మీ మనసంతా మంచం దగ్గరే ఉంటుందని మాకు తెలుసు. అందుకే మీకు పనికివచ్చే ఒక్క సంగతిని మాత్రమే తీసుకుని మాట్లాడుకుందాము.

ఆ సంగతి ఏమిటంటే, మొక్క మీద పడే వెలుతురు రంగును బట్టి దానిలోని మందు గుణం మారుతుంది. శాస్త్రవేత్తలు గాజు సీసాలలో మొక్కల కణాలను పెంచి, వాటిపై నీలి దీపం, ఎర్ర దీపం వేసి ఈ విషయాన్ని పరీక్షించారు. "ఇది చదువుకున్నవాళ్ళ ముచ్చట, మాకెందుకు?" అని మీకు అనిపించవచ్చు. కాని ఇంటి నుంచి తెచ్చిన సంచిలో ఒక సీసాలో పసరు ఉన్నవారు, "డాక్టరుకు చెప్పకు, పొద్దున్నే పరగడుపున తాగించు" అని ఊరివారు చెప్పి పంపినవారు మీలో ఉండవచ్చు. ఈ మాటలు ముఖ్యంగా వారి కోసమే.

వంకాయ చెప్పే పాఠం

ముందుగా వంటింటికి వెళదాం. నల్ల వంకాయను చేతిలోకి తీసుకుని తొడిమను అంటుకుని ఉన్న పచ్చని రెక్కలను మెల్లగా ఎత్తి చూడండి. చాలా రకాలలో ఆ రెక్కల కింద తోలు తెల్లగా ఉంటుంది. అదే కాయ, అదే నీరు, అదే ఎరువు. తేడా ఒక్కటే. అక్కడ వెలుతురు తగలలేదు.

వంకాయ తోలుకు ఆ నల్లని ఊదా రంగునిచ్చే పదార్థాల పేరు ఆంథోసయనిన్లు. నేరేడు పండులో ఉన్నవీ ఈ జాతివే. మామిడికాయకు కూడా ఎండ తగిలే వైపే బుగ్గ ఎర్రబడుతుంది. అంటే మొక్క కొన్ని పదార్థాలను అన్ని వేళలా ఒకే తీరుగా తయారు చేయదు. వెలుతురు పడినప్పుడు, పడిన చోట తయారు చేస్తుంది. ఎండలోని తీక్షణత నుంచి తన్ను తాను కాపాడుకోవడానికి, పురుగులను దూరంగా ఉంచడానికి ఇవి దానికి పనికివస్తాయి. మనం మందు గుణం అని పిలిచేది చాలావరకు మొక్క తన కోసం చేసుకున్న రక్షణే.

వెలుతురులో ఉన్న రంగులు

తెల్లగా కనిపించే ఎండలో ఇంద్రధనుస్సులోని రంగులన్నీ ఉన్నాయి. వాటిని తరంగం పొడవుతో కొలుస్తారు. ఆ కొలత పేరు నానోమీటరు. ఒక మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం అన్నమాట. నీలి వైపు కాంతి 400 నుంచి 500 నానోమీటర్ల దాకా, ఎర్ర కాంతి 600 నుంచి 700 నానోమీటర్ల దాకా ఉంటుంది. నీలికి ఇవతల మన కంటికి కనపడని అతినీలలోహిత కాంతి ఉంది. ఎరుపుకు అవతల, కంటికి సరిగా ఆనని దూర ఎరుపు కాంతి ఉంది.

ఆకు ఎరుపును, నీలిని ఎక్కువగా పీల్చుకుని ఆహారం తయారు చేసుకుంటుంది. పచ్చని కాంతిలో కొంత భాగాన్ని వెనక్కి పంపుతుంది. అందుకే మనకు ఆకు పచ్చగా కనిపిస్తుంది.

ఆహారం ఒక్కటే కాదు, మొక్కకు రంగును గుర్తుపట్టే శక్తి కూడా ఉంది. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో సలాడ్ ఆకు విత్తనాలపై ఒక పరీక్ష చేశారు. ఎర్ర కాంతి చూపిస్తే విత్తనం మొలిచింది. వెంటనే దూర ఎరుపు కాంతి చూపిస్తే మొలవడం ఆగింది. మళ్ళీ ఎరుపు చూపిస్తే మళ్ళీ మొలిచింది. చివర చూపిన రంగు ఏదో, విత్తనం దాని మాటే విన్నది. ఈ రంగును పట్టే పదార్థానికి ఫైటోక్రోమ్ అని పేరు పెట్టారు. నీలి కాంతిని పట్టే పదార్థం వేరే ఉంది. దాని పేరు క్రిప్టోక్రోమ్. నీలి కాంతి తగలగానే ఇది చాలా మొక్కలలో ఆంథోసయనిన్ల వంటి వాటిని తయారు చేయమని కణానికి చెబుతుంది.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. బావి గట్టున ఎండలో ఒక మొక్క, వేపచెట్టు కింద నీడలో అదే జాతి మొక్క ఇంకొకటి ఉన్నాయనుకోండి. వేపచెట్టు కింద వెలుతురు తక్కువ అని అందరికీ తెలుసు. కాని రంగు కూడా వేరు. పైన ఉన్న వేపాకులు ఎరుపును, నీలిని పీల్చేసుకుంటాయి. కిందికి దిగేది ఎక్కువగా పచ్చని కాంతి, దూర ఎరుపు. చూపుకు రెండు మొక్కలూ ఒకటే. లోపల జరిగే పని ఒకటి కాదు.

సీసాలో పెరిగే మొక్కలు

టిష్యూ కల్చర్ అరటి గురించి రైతులందరూ విన్నారు. మొక్క నుంచి చిన్న ముక్క కోసి, క్రిములు లేకుండా శుభ్రం చేసి, చక్కెర, లవణాలు, విటమిన్లు కలిపిన జిగురు పదార్థంపై గాజు సీసాలో పెంచుతారు. దీనినే కణజాల వర్ధనం అంటారు. ఈ పనికి ఈనాటికీ ఎక్కువగా వాడే లవణాల మిశ్రమాన్ని 1962లో మురషిగే, స్కూగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రకటించారు.

సీసాలో పెంచడంలో ఒక సౌకర్యం ఉంది. పొలంలో వాన, ఎండ, నేల, పురుగు అన్నీ కలిసిపోతాయి. ఏది ఏ మార్పు తెచ్చిందో చెప్పలేము. సీసాలో మాత్రం అన్నీ ఒకటిగా ఉంచి దీపం రంగు ఒక్కటే మార్చవచ్చు. అలా మార్చి చూసినప్పుడు చాలా మొక్కల కల్చర్లలో నీలి కాంతి కింద ఫ్లేవనాయిడ్లు, ఫినాలిక్ పదార్థాలు పెరిగాయి. ఎర్ర కాంతి కింద కాండం పొడవు సాగడం ఎక్కువగా కనిపించింది.

కాని నీలి కాంతి ఎల్లప్పుడూ మంచిదని అనుకోవద్దు. జపాన్‌లో షికోనిన్ అనే ఎర్రని పదార్థాన్ని ఒక మొక్క వేరు నుంచి తీసేవారు. 1983లో మిట్సుయి సంస్థ ఆ మొక్క కణాలను పెద్ద తొట్టెలలో పెంచి షికోనిన్ తీయడం మొదలుపెట్టింది. పెదవుల రంగులో కూడా దానిని వాడారు. ఈ కణాలకు వెలుతురే శత్రువు. ముఖ్యంగా నీలి కాంతి పడితే షికోనిన్ తయారీ ఆగిపోతుంది. ఒక మొక్కకు మేలు చేసిన రంగు ఇంకొక మొక్కలో పని చెడగొట్టింది.

బిళ్ళగన్నేరు కథ

మనకు బాగా దగ్గరైన మొక్కను తీసుకుందాం. బిళ్ళగన్నేరు. మన నడిగడ్డలో ఇంటి ముందు, గుడి ఆవరణలో, సమాధుల దగ్గర గులాబీ రంగు, తెల్ల పూలతో కనిపిస్తుంది. నీళ్ళు పోయకపోయినా బతుకుతుంది. చక్కెర వ్యాధికి దీని ఆకులు నమలాలని మన దగ్గర చాలామంది నమ్ముతారు. ప్రపంచంలో చాలా చోట్ల ఈ నమ్మకం ఉంది.

1952లో జమైకా నుంచి కెనడాలోని డాక్టర్ క్లార్క్ నోబుల్‌కు ఒక కవరులో 25 బిళ్ళగన్నేరు ఆకులు వచ్చాయి. అక్కడివారు చక్కెర వ్యాధికి ఈ ఆకుల కషాయం తాగుతున్నారు, పరీక్షించండి అన్నది విషయం. ఆయన వాటిని తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు పంపారు. రాబర్ట్ నోబుల్ తన పరిశోధనాలయంలో ఎలుకలకు ఆ రసాన్ని తాగించారు. చక్కెరలో చెప్పుకోదగిన మార్పు రాలేదు. ఇంజెక్షన్‌గా ఇచ్చి చూశారు. ఎలుకలు ఇన్ఫెక్షన్‌తో చనిపోయాయి. కారణం వెతికితే రక్తంలో తెల్ల కణాలు బాగా పడిపోయి ఉన్నాయి.

వేరొకరైతే దానిని పక్కన పడేసేవారు. రాబర్ట్ నోబుల్, ఆయన తోటి శాస్త్రవేత్త చార్లెస్ బీర్ మరొకలా ఆలోచించారు. తెల్ల కణాలు విపరీతంగా పెరిగిపోయే జబ్బే రక్త క్యాన్సర్ కదా! 1958లో వారు ఆ ఆకు నుంచి విన్‌బ్లాస్టిన్ అనే పదార్థాన్ని వేరు చేసినట్లు ప్రకటించారు. అదే మొక్క నుంచి విన్‌క్రిస్టిన్ కూడా వచ్చింది. 1963లో అమెరికాలో దానికి అనుమతి లభించింది. పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో నేటికీ అది ముఖ్యమైన మందు. దానితో పాటు ఇచ్చే మెథోట్రెక్సేట్ వెనుక మన తెలుగువాడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి కృషి ఉంది. ఒకప్పుడు ఈ జబ్బు వస్తే దాదాపు పిల్లలందరూ చనిపోయేవారు. నేడు పూర్తి చికిత్స చివరిదాకా అందిన పిల్లలలో ఎక్కువమంది కోలుకుంటున్నారు.

ఇక ఈ మొక్కకూ వెలుతురు రంగుకూ ఉన్న సంబంధం చూడండి. విన్‌బ్లాస్టిన్ రెండు ముక్కలు కలిస్తే తయారవుతుంది. ఒక ముక్క పేరు కాతరాంథిన్, రెండవది విండోలిన్. చీకటిలో మొలిచిన బిళ్ళగన్నేరు మొలకలలో విండోలిన్ తయారీ చివరి మెట్లు సరిగా జరగవు. వెలుతురు తగిలితేనే ముందుకు సాగుతాయి. 1992లో కెనడా పరిశోధకులు ఈ పనిలో ఫైటోక్రోమ్ పాత్ర ఉందని చూపించారు. ఎర్ర కాంతి పనిని మొదలుపెడుతుంది, దూర ఎరుపు కాంతి దానిని వెనక్కి లాగుతుంది. అదే కాలంలో జపాన్‌లో సీసాలలో పెంచిన బిళ్ళగన్నేరు చిగుళ్ళపై కంటికి కనపడే వెలుగుకు దగ్గరగా ఉన్న అతినీలలోహిత కాంతిని వేసి చూశారు. అప్పుడు రెండు ముక్కలు కలిసి ఏర్పడే పదార్థాలు పెరిగాయి. ఆకు, కొమ్మ లేకుండా విడి కణాలను మాత్రమే ద్రవంలో పెంచితే విండోలిన్ దాదాపు రానే రాదు.

ఇంతా చేస్తే ఆకులో ఉండే మందు ఎంత? ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయడానికి వందల కిలోల ఎండు ఆకు కావాలి. అందుకే ఈ మందులు సులభంగా దొరకవు. 2019లో అమెరికాలోనే విన్‌క్రిస్టిన్‌కు కొరత వచ్చి తల్లిదండ్రులు భయపడ్డారు. 2022లో డెన్మార్క్ కేంద్రంగా పనిచేసిన శాస్త్రవేత్తల బృందం ఈస్ట్ కణాల చేత ఆ రెండు ముక్కలనూ తయారు చేయించి, వాటిని కలిపి విన్‌బ్లాస్టిన్ తీయగలిగింది. రొట్టెల పిండి పొంగడానికి వేసే ఈస్ట్ జాతే అది. మొక్కల కణాలను తొట్టెలలో పెంచి తీసే మందులు ఇప్పటికే ఉన్నాయి. రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు ఇచ్చే పాక్లిటాక్సెల్ అలా కూడా తయారవుతున్నది.

మేలుతో పాటు కీడు కూడా

వెలుతురు మొక్కలో మంచినే పెంచుతుందని ఎవరూ అనుకోకూడదు. ఆలుగడ్డలను వెలుతురులో కొన్ని రోజులు ఉంచితే పచ్చబడతాయి. ఆ పచ్చదనంతో పాటు సొలనిన్ వంటి విష పదార్థాలు కూడా పెరుగుతాయి. అలాంటి గడ్డ చేదుగా ఉంటుంది, తింటే వాంతులు, కడుపునొప్పి రావచ్చు. కనుక ఆలుగడ్డలను చీకటిలో ఉంచండి. బాగా పచ్చబడినవి, మొలకెత్తినవి రోగికి వండిపెట్టవద్దు.

బిళ్ళగన్నేరులో నూరుకు పైగా ఆల్కలాయిడ్లు ఉన్నాయి. రెండో మూడో క్యాన్సర్ మందులైతే, మిగిలినవి ఏమి చేస్తాయి? కొన్ని రక్తపోటును తగ్గిస్తాయి. కొన్ని నరాలపై పనిచేస్తాయి. మీరు తెంపిన ఆకు ఎండలోదా, నీడలోదా, లేతదా, ముదురుదా అన్నదానిని బట్టి ఒక్కొక్కటి ఎంత ఉంటుందో మారిపోతుంది. "రోజుకు ఐదు ఆకులు" అన్న కొలతలో ఆకుల లెక్క ఉంది, మందు లెక్క లేదు.

ఆసుపత్రిలో బిడ్డకు విన్‌క్రిస్టిన్ ఇచ్చేటప్పుడు ఎత్తు, బరువు చూసి మిల్లీగ్రాముకు కూడా తక్కువ భాగాలలో లెక్క కట్టి, నరంలోకి ఎక్కిస్తారు. అంత జాగ్రత్తగా ఇచ్చినా వేళ్ళ తిమ్మిర్లు, మలబద్ధకం వంటి ఇబ్బందులు రావచ్చు. అలాంటి మందు పుట్టిన ఆకును కొలత లేకుండా తాగించడం ఎంత ప్రమాదమో మీరే ఆలోచించండి.

పసిబిడ్డపై నీలి దీపం

మా పిల్లల వార్డులో నీలి దీపం కింద కళ్ళకు గంతలు కట్టిన పసిబిడ్డను చూసి మీరు కంగారు పడి ఉంటారు. అది కూడా వెలుతురు రంగు చేసే పనే. 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు, ఎండ తగిలిన చోట పసిబిడ్డ ఒంటి పచ్చదనం తగ్గడం గమనించి డాక్టర్లకు చూపించారు. 1958లో ఆ డాక్టర్లు దీపం వెలుతురుతో చికిత్సను ప్రకటించారు. 460 నుంచి 490 నానోమీటర్ల నీలి కాంతి చర్మంలోని బిలిరుబిన్ రూపాన్ని మార్చి, మలమూత్రాల ద్వారా బయటికి పోయేలా చేస్తుంది.

ఇక్కడ రంగుకు కొలత ఉంది, దీపం ఎంత దూరంలో ఉండాలో కొలత ఉంది, రక్త పరీక్ష చేసి ఎప్పుడు ఆపాలో నిర్ణయం ఉంది. అందుకే అది చికిత్స అయింది. ఇంట్లో బిడ్డను ఎండలో పడుకోబెట్టడం దీనికి బదులు కాదు. పసిరికలు అని పసిబిడ్డ నాలుక మీద పసరు పిండడం ప్రాణాపాయం. బిలిరుబిన్ మరీ పెరిగితే మెదడు శాశ్వతంగా దెబ్బతింటుంది. పోయిన గంటలు తిరిగి రావు.

మీరు చేయవలసినవి

1. ఏ ఆకు, ఏ పసరు, ఏ పొడి వాడినా డాక్టరుకో నర్సుకో చెప్పండి. ఎవరూ మిమ్మల్ని కోప్పడరు. వీలైతే ఆ ఆకును లేక పొట్లాన్ని తెచ్చి చూపండి.

2. క్యాన్సర్ మందులు తీసుకుంటున్నవారికి డాక్టరును అడగకుండా ఏ పసరూ ఇవ్వవద్దు. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి తీసుకురండి. తెల్ల కణాలు తగ్గినప్పుడు జ్వరం ఆగదు, ముదురుతుంది.

3. పిల్లల రక్త క్యాన్సర్ చికిత్స రెండు మూడు సంవత్సరాలు సాగుతుంది. బిడ్డ ఆడుకుంటున్నాడని మధ్యలో ఆపవద్దు. ఆపితే జబ్బు తిరగబడుతుంది. ఛార్జీలకు, మందులకు ఇబ్బంది ఉంటే దాచవద్దు. ఆరోగ్యశ్రీ కింద ఏమి అందుతుందో కౌంటరులో అడగండి.

4. చక్కెర వ్యాధి మాత్రలు వేసుకుంటూ పక్కన ఆకులు నమలవద్దు. చక్కెర ఎంత పడిపోతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

5. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పసిబిడ్డల దగ్గరకు బిళ్ళగన్నేరు పసరును రానివ్వవద్దు.

కొన్ని ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఈ ఆకు నుంచే మందు తీశారంటున్నారు. మరి ఆకు తింటే తప్పేమిటి?

జవాబు: ఆకులో మందు ఎంత తక్కువ ఉందో విన్నారు. జబ్బును తగ్గించేటంత మందు ఆకు నమిలితే రాదు. అదీకాక ఆ మందు నోటి ద్వారా ఒంటికి సరిగా పట్టదు. కాబట్టి మేలు అందదు, మిగిలిన పదార్థాల కీడు మాత్రం అందవచ్చు.

ప్రశ్న: మా తాతల కాలం నుంచి వాడుతున్నాము కదా అన్నా?

జవాబు: పెద్దల అనుభవాన్ని తక్కువ చేయడం లేదు. వారి మాట పట్టుకుని పరీక్షించబట్టే విన్‌బ్లాస్టిన్ దొరికింది. కాని పరీక్షలో తేలింది చక్కెర వ్యాధి మందు కాదు, క్యాన్సర్ మందు. నమ్మకం దారి చూపింది, కొలత నిజం చెప్పింది. రెండూ కావాలి.

ప్రశ్న: ఇంట్లో నీలి బల్బు పెట్టి కూరగాయలు పెంచితే ఎక్కువ బలమా?

జవాబు: అవసరం లేదు. మన ఎండలో అన్ని రంగులూ ఉన్నాయి. తోటకూర, మునగాకు, టమాట, వంకాయలు తాజాగా వండి పెట్టండి. ఆహారంగా తినే కూరలు వేరు, మందుగా తాగే పసర్లు వేరు. కూరకు కొలత తప్పినా ప్రమాదం లేదు, మందుకు తప్పితే ఉంది.

ప్రశ్న: ఇప్పటికే తాగించాము. ఇప్పుడు ఏమి చేయాలి?

జవాబు: ఈ సమావేశం అయిపోగానే నర్సుకు చెప్పండి. ఎన్ని రోజులు, ఎంత, ఏ ఆకు అన్నది చెబితే చాలు. రక్త పరీక్ష అవసరమైతే చేస్తారు. చెప్పినందువల్ల చికిత్స ఆగదు. చెప్పకపోతేనే మందు మోతాదు తప్పుతుంది.

ప్రియులారా, మొక్కలు మనకు శత్రువులు కావు. బిళ్ళగన్నేరు ఎందరో పిల్లల ప్రాణాలు నిలిపింది. కాని ఆ ఆకు సీసాలోని మందుగా మారే లోపు ఎందరో దానిని తూచి, వేరు చేసి, పరీక్షించారు. దీపం రంగు మారితేనే మారిపోయేంత సున్నితమైనది ఆ మొక్క పని. మీ సంచిలో పసరు సీసా ఉంటే ఈ రాత్రి దానిని మంచం మీద ఉన్నవారికి ఇవ్వకండి. మా నర్సు చేతికి ఇవ్వండి.